వానలో డేరా: లోపల పొడినేల

(ఆషాఢ యాత్రకు బయలుదేరు సంఘ యువజన సేవకుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆషాఢ శుద్ధ ఏకాదశికి షోలాపురమునుండి పండరీపురమునకు కాలినడకన వెళ్ళు మన దిండీకి సేవ చేయుటకు ముందుకువచ్చిన యువకులకు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. తాడపత్రులును, డేరాగుడ్డయు అమ్ముకొని బ్రదుకు వ్యాపారిని. పాండురంగని మహిమను తెనాలి రామకృష్ణకవి కావ్యముగా వ్రాసినాడు. 1957లో వచ్చిన చలనచిత్రమువలన చదువురాని వారికిని అది తెలిసినది. దానినిగూర్చి చెప్పుట పెద్దల పని. నాకు తెలిసినది ఒక్కటే: వానలో వేసిన డేరా లోపల నేలను, పడకను పొడిగా నుంచుట ఎట్లు అనునది. దానినే చెప్పెదను.

ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట నాకును అట్లే తోచినది. అప్పుడు నేనే స్వయముగా ఒక కొత్త కాన్వాసు డేరా కుట్టించి దిండీకి ఇచ్చితిని. కొత్తది గనుక కారదని ధీమాగా నుంటిని. రెండవ రాత్రి మూడు గంటలసేపు వాన కురిసినది. కుట్లవెంట నీరు దిగినది. నేను నేలపై పరచిన పట్టా డేరాకంటె వెడల్పుగా నుండుటచేత చూరునీరంతయు దానిపై బడి లోపలికే పారినది. పదిమంది ముసలివాండ్రు మూటలు ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి. ఇద్దరు కుర్రవాండ్రు జాలిపడి వంటశాలనుండి బొగ్గుల కుంపటి తెచ్చి లోపల నుంచి, చలిగాలి రాకుండ తలుపుగుడ్డలు బిగించి కట్టిరి. అందరికిని వెచ్చగా నుండెను, నిద్ర పట్టెను. మేమందరము పెద్దమ్మాయని పిలుచు ఒక ముసలితల్లి తల పగిలిపోవుచున్నదని లేచి, తూలుచు వచ్చి తలుపు విప్పినది. అప్పటికే ఇద్దరు వాంతి చేసికొనుచుండిరి. ఆమె లేవకున్నచో ఆ రాత్రి ఏమి జరిగియుండునో నేను చెప్పనక్కరలేదు.

బొగ్గుల కుంపటినుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కండ్లు మండవు. మూసిన డేరాలో అది నిండినచో నిద్రించువాడు నిద్రలోనే పోవును. కాబట్టి నా మొదటి మాటయు, చివరి మాటయు ఇదియే: డేరా ఎంత తడిసినను, ఎంత చలివేసినను, కుంపటిగాని, పొయ్యిగాని లోపలికి తేరాదు. తలుపు కొంచెము తెరిచియున్నదిగదా యని సమాధానపడరాదు. కుర్రవాండ్రది తప్పని ఆనాడు ఎవరును అనలేదు; నేనును అనను. డేరా పొడిగా నుండినచో కుంపటి అవసరమే కలుగకుండెను. తప్పు డేరా వేసిన నాది.

ఇక విషయమునకు వచ్చెదను. ఏకాదశి 2023లో జూన్ 29న, 2024లో జులై 17న, 2025లో జులై 6న వచ్చినది. మన రైతుల లెక్కలో చెప్పవలెనన్న ఆరుద్ర, పునర్వసు కార్తెలు. షోలాపురము ఎండప్రాంతమేయైనను, ఈ కార్తెలలో వాన ఎప్పుడు పడునో చెప్పలేము. దారిలో మూడు రాత్రులు, చంద్రభాగ అవతలి గట్టున గల 65 ఎకరముల మైదానములో రెండు రాత్రులు మన బస. నేల నల్లరేగడి. ఈ మూడు సంగతులను మనసునందుంచుకొని వినుడు.

డేరాలోనికి నీరు నాలుగు దారుల వచ్చును. పైనుండి వాన, క్రిందనుండి పారునీరు, మన కాళ్ళతోను బట్టలతోను వచ్చు తడి, మన ఊపిరినుండి పుట్టు ఆవిరి. సాధారణముగా మనము మొదటిదానినే చూచెదము. మిగిలిన మూడింటివలన తడిసినను డేరా కారుచున్నదనియే అనుకొందుము.

మొదట స్థలము. డేరా వేయునప్పుడు ఎండ కాయుచున్నను, వాన పడినచో నీరు ఎటు పారునో చూడవలెను. పల్లములో వేయరాదు, ఎండిన వాగులోను, కాలువ గర్భములోను అసలే వేయరాదు. ఎక్కడో పైన కురిసిన వానకు ఇచ్చట వాగు రావచ్చును. నేలపై చిన్న పుల్లలు, ఎండుటాకులు ఒక వరుసలో పేరుకొనియున్నచో అది పాత నీరు పారిన జాడ. చెట్టుక్రింద నీడకు ఆశపడరాదు. వాన వెలిసిన గంటకు గూడ చెట్టు కురియుచునే యుండును, కొమ్మ విరుగవచ్చును, పిడుగు భయము మరియొకటి. ఉరుములు దగ్గరపడినచో డేరా మనలను కాపాడదు. అందరిని పక్కా కట్టడములోనికిగాని, పైకప్పుగల మోటారుబండిలోనికిగాని చేర్చవలెను.

ద్వారము గాలికి ఎదురుగా నుండరాదు. ఈ ఋతువున మనవైపు గాలియు, జల్లును నైరుతి, పడమర దిక్కులనుండి వచ్చును గనుక ద్వారము తూర్పునకు పెట్టుడు. ఈ పత్రిక తమిళనాడులోను, యానాములోను గల మనవారును చదువుదురు. అక్టోబరునుండి డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు పడు ఆ ప్రాంతములలో ఈ లెక్క తారుమారగును. దిక్కు ఏదైనను, గాలికి డేరా వీపు చూపవలెనను సూత్రము మారదు.

రెండవది గుడ్డ. మన చేతిలో రెండు విధముల సరకు కలదు. ఒకటి నూలు కాన్వాసు. రెండవది ప్లాస్టిక్ పట్టా. దీనిని కోస్తా రైతులు బరకమందురు, ఇచ్చట మరాఠీ పలుకుబడిని బట్టి మనము తాడపత్రి యందుము. ఈ రెండింటి స్వభావము వేరు.

నూలు కాన్వాసు తడిసినప్పుడు దారములు ఉబ్బి నేతలోని సందులను మూసివేయును. అందుచేతనే అది నీటిని ఆపును. కాని కొత్త కాన్వాసు ఒకసారి తడిసి ఆరినగాని ఈ గుణము పూర్తిగా రాదు. సూది కుట్టిన రంధ్రములును పూడవు. కనుక కొత్త డేరాను యాత్రకు ముందే ఎండలో నిలబెట్టి, బాగుగా నీళ్ళు పోసి, ఆరబెట్టవలెను. రెండుసార్లు చేసిన మరింత మేలు. నేనాడు చేయని పని ఇదియే. కుట్లపై లోపలివైపున కొవ్వొత్తి మైనము రుద్దినచో మిగిలిన రంధ్రములు గూడ మూసికొనును. సబ్బుతోగాని, బట్టలుతుకు పొడితోగాని కాన్వాసును ఉతుకరాదు. మురికితోబాటు నీటిని ఆపు పూతయు పోవును. ఉత్త నీళ్ళతో, మెత్తని కుంచెతో తుడిచిన చాలును.

వాన కురియుచుండగా కాన్వాసును లోపలినుండి వ్రేలితో తాకరాదు. తాకినచోట నీరు లోపలికి దిగుట ప్రారంభించును. పొరపాటున తాకి బొట్లు పడుచున్నచో, ఆ చోటనుండి వ్రేలిని కప్పువెంట క్రిందికి, గోడవరకు గీతగా లాగుడు. నీరు ఆ గీతవెంట గోడకు జారిపోవును. నిద్రించువాని ముఖముపై పడదు. మూటలు, పడకలు గోడకు తగులకుండ జానెడు దూరమున నుంచవలెననుట గూడ ఇందుచేతనే.

ప్లాస్టిక్ పట్టా నీటిని అసలే పీల్చదు. చౌకయైనది, తేలికయైనది. కాని అది ఊపిరిని గూడ బయటికి పోనీయదు. కొనునప్పుడు చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో అడుగుడు. తొంబది గ్రాముల పట్టా ఒక యాత్రకు వచ్చునేమోగాని గాలికి నిలువదు. డేరా కప్పునకు 200 గ్రాముల దానిని తీసికొనుడు. నేను అమ్మువాడను గనుక ఎక్కువ ధరది చెప్పుచున్నానని అనుకొనవద్దు. మన సంఘపు పట్టాలు కొన్ని ఇంకను పనికివచ్చునవి కలవు. ప్రతిదానిని ఎండకు ఎదురుగా ఎత్తిపట్టి చూడుడు. చుక్కలవలె వెలుగు కనబడినచోటులన్నియు చిల్లులే. ఎండకు పెళుసెక్కి, చేతితో నలిపిన పొట్టువలె రాలు పట్టాను నేలక్రిందికి వాడుడు, కప్పునకు వాడవద్దు.

రెండింటిని కలిపి వాడుట అన్నింటికంటె మేలు. లోపల కాన్వాసు డేరా, పైన దానికి తగులకుండ జానెడు ఎత్తున ప్లాస్టిక్ పట్టా. ఈ రెండు కప్పుల నడుమ గాలి ఆడవలెను. ఒకదానిపై ఒకటి అంటుకొనునట్లు పరచినచో ప్రయోజనము సగము పోవును.

మూడవది వాలు. మన కుర్రవాండ్రు పెండ్లి పందిళ్ళకు అలవాటుపడి కప్పును చదునుగా లాగుదురు. పట్టాపై ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల లోతున నీరు నిలిచినచో అది నూరు లీటర్లు. అనగా నూరు కిలోలు, ఒక క్వింటాలు! క్వింటాలు బియ్యపు బస్తాను నెత్తిపై గుడ్డలో వ్రేలాడదీసి దానిక్రింద ఎవరైన పడుకొందురా? నడుమ నడికొప్పు ఎత్తుగా, చూరు పల్లముగా నుండవలెను. పన్నెండడుగుల వెడల్పు డేరాకు చూరుకంటె నడికొప్పు నాలుగడుగులైనను ఎత్తున నుండునట్లు నిట్రాళ్ళు నిలుపుడు. నిట్రాడు కప్పును చొచ్చుకొని బయటికి వచ్చుచోట ప్లాస్టిక్ ముక్కను టోపీవలె కట్టుడు. లేనిచో కఱ్ఱవెంటనే నీరు దిగును. లోపలికి వచ్చు ప్రతి త్రాటికిని, చూరు బయటనే ఒక గుడ్డపీలిక ముడివేసి వ్రేలాడదీయుడు. త్రాటివెంట వచ్చు నీరు ఆ పీలికవెంట బయటనే కారిపోవును.

నాలుగవది త్రాళ్ళు, మేకులు. నూలుత్రాడును, నూలు కాన్వాసును తడిసినప్పుడు బిగిసికొనును. సాయంకాలము బిగించి కట్టిన త్రాడు అర్ధరాత్రి వానలో మరింత బిగిసి, మేకును పెకలించును, లేదా గుడ్డను చించును. కనుక వాన మొదలుకాగానే నూలుత్రాళ్ళను కొంచెము వదులుచేయవలెను. నైలాను త్రాడు ఇందుకు విరుద్ధము. తడిసిన సాగును, దానిని మరల బిగింపవలెను. ఏ డేరాకు ఏ త్రాడున్నదో రాత్రి కావలి యుండువానికి తెలియవలెను.

నల్లరేగడి ఎండినప్పుడు రాయివంటిది, తడిసినప్పుడు ముద్ద. పగలు సుత్తితో కొట్టినను దిగని మేకు రాత్రి చేతితో లాగిన వచ్చును. పొట్టి ఇనుప మేకులను నమ్మరాదు. అడుగున్నరకు తగ్గని మేకును డేరాకు అవతలివైపునకు వంచి దింపవలెను. మూలలయందు మేకునకు మారుగా మట్టి నింపిన గోనెసంచి నడుమునకు త్రాడు కట్టి, రెండడుగుల లోతున అడ్డముగా పాతిపెట్టి, పైన మట్టి త్రొక్కుడు. తడిసిన నేలలో గూడ అది కదలదు.

ఐదవది పారునీరు. పదునారు చదరపు మీటర్ల కప్పుపై ఇరువదియైదు మిల్లీమీటర్ల వాన పడినచో నాలుగు వందల లీటర్ల నీరు, అనగా రెండు పెద్ద పీపాల నీరు, చూరునుండి డేరా చుట్టును దిగును. ఆ నీటికి దారి చూపనిచో అది తన దారి తాను చూచుకొనును. చూరు సరిగా క్రింద జానెడు లోతు కాలువ త్రవ్వి, పల్లమువైపునకు దానిని కొనసాగింపుడు. మట్టిని లోపలివైపున చిన్న గట్టుగా వేయుడు. నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనీయదు గనుక, బయటికి దారిలేని కాలువ కుంటయగును. ఆ నీరు పక్కవారి డేరాలోనికి పోవునట్లు తీయుట పాపము. మైదానపు అధికారుల అనుమతి అడిగి త్రవ్వుడు, బయలుదేరునప్పుడు పూడ్చివేయుడు. అడవులలో బస చేయువారు అసలు త్రవ్వక, ఎత్తైన చోటు వెదకుకొనుటయే మర్యాద.

నేలపట్టా డేరా గోడలకు లోపలనే యుండవలెను. అంచులు నాలుగు వ్రేళ్ళ ఎత్తు పైకి మడిచి, పళ్ళెమువలె చేసి, మూలలయందు బట్టల క్లిప్పులు పెట్టిన చాలును. ఒక్క బెత్తెడు బయటికి వచ్చినను అది చూరునీటిని పట్టి లోపలికి తెచ్చును. నా అనుభవము మీకు చెప్పియే యున్నాను. పట్టాపైన వరిగడ్డిగాని, ఈతచాపగాని, దానిపై మన షోలాపురపు జంపఖానాయు పరచుడు. ముసలివారికి వీలైన బల్లచెక్కలు ఏర్పాటు చేయుడు.

ఇక మన కాళ్ళు. ద్వారమునకు బయట చూరు నాలుగడుగులు ముందుకు వచ్చునట్లు చిన్న పంచ కట్టుడు. చెప్పులు, గొడుగులు, తడిసిన పైపట్టాలు అచ్చటనే. ద్వారమున రెండు గోనెసంచులు. ఒకటి తడిసినప్పుడు మరియొకటి. తడిబట్టలను డేరాలో దండెము కట్టి ఆరవేయుట మన ఇంటి అలవాటు. అది ఇచ్చట పనికిరాదు. బట్ట ఆరదు సరిగదా, దానిలోని నీరంతయు డేరాగాలిలో చేరును. తడిబట్టలకు వేరుగా ఒక పట్టా క్రింద చోటు చూపుడు. ప్రతివారి మూటలో ఒక పొడిజత ప్లాస్టిక్ సంచిలో కట్టియుండవలెను. దానిని నిద్రకు మాత్రమే విప్పవలెను.

ఊపిరి మాట చెప్పి ముగించెదను. ఒక మనిషి రాత్రి నిద్రలో ఊపిరివలనను, చర్మమువలనను సుమారు పావులీటరు నీటిని గాలిలోనికి విడుచును. పదిమంది పడుకొన్న డేరాలో తెల్లవారుసరికి రెండున్నర లీటర్లు! అది చల్లని ప్లాస్టిక్ కప్పునకు తగిలి బొట్లుగా మారి రాలును. డేరా కారుచున్నదని మనము ఇంకను బిగించి మూసెదము. బొట్లు ఇంకను హెచ్చును. మందు ఇందుకు విరుద్ధము. గాలి వెనుకవైపున, చూరుక్రింద, నడికొప్పు దగ్గర బెత్తెడేసి సందులు విడువవలెను. కొంచెము చలిగా నుండును. దుప్పటి ఇంకొకటి ఇత్తము. గాలి ఆడు డేరాలో పడక పొడిగా నుండును, ప్రాణమునకు క్షేమము.

విద్యుద్దీపపు తీగెలను తడిసిన నిట్రాటికిగాని ఇనుపకఱ్ఱకుగాని చుట్టరాదు, నేలపై పారవేయరాదు. బ్యాటరీ లాంతర్లు చాలును.

తిరిగివచ్చిన తరువాత పని ఇంకను మిగిలియుండును. తడిసిన డేరాను మడతపెట్టి గిడ్డంగిలో వేసినచో కొద్ది దినములలోనే బూజుపట్టి గుడ్డ చీకును. దారిలో తడిదానిని మడవక తప్పనిచో, ఇల్లు చేరిన మరునాడే విప్పి రెండువైపుల ఎండబెట్టుడు. మన సంఘపు డేరాలు పోయినవి వానకు కాదు, మన బద్ధకమునకు.

సోదరులారా, యాత్రికునికి పొడినేల సౌకర్యము. ఇల్లు పోయినవానికి అదియే ఇల్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ పలాస ప్రాంతమును ఊపివేసినప్పుడు, బరంపురమువైపు మనవారికిని, శ్రీకాకుళపువారికిని కప్పు లేచిపోయిన ఇంటిపై వెంటనే కావలసినది పట్టాయే. మీరు నేడు యాత్రకై నేర్చుకొనునది రేపు ఎవరి ఇంటికైనను అక్కరకు రావచ్చును.

మరియొక మాట. కిందటి సంవత్సరము డేరా వేయుచు నేను ఒక కుర్రవానితో, నాయనా, చూరుక్రింద కాలువ తీయుమంటిని. చూరు అనగా ఏమి, మామా, అని అతడు అడిగినాడు. తప్పు అతనిది కాదు. మనము మేడలలోనికి వచ్చితిమి. చూరు లేని ఇంటిలో చూరు అను మాట ఎట్లు నిలుచును? నడికొప్పు, నిట్రాడు, చూరు, పంచ: మన తాతలు తెలంగాణపు ఊళ్ళనుండి మగ్గములతో ఇచ్చటికి వచ్చినప్పుడు తెచ్చిన మాటలివి. డేరా వేయునప్పుడైనను వీనిని తెలుగులోనే పలుకుదము. పనితోబాటు మాట గూడ నిలుచును.

వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు సంఘ ఆవరణలో డేరాలన్నియు నిలుపుదము. బిందెలతో నీళ్ళు పోసి, ఎచ్చట కారునో మనమే కనిపెట్టుదము. ఆనాటి పెద్దమ్మ ఈ సంవత్సరమును నడచెదనని పేరు వ్రాయించినది. ఆమె పడక ఈసారి తడువరాదు. ఇంతకంటె నేను కోరునది లేదు.